శుక్రవారం నాలుగింటి చీటీ

చీటీ రాసినవాడు సోమవారం పొద్దున లిఫ్టు గుంతలో శవమై దొరికాడు. లిఫ్టు కింద ఆగి ఉంది, తలుపు మాత్రం ఆరో అంతస్తులో తెరుచుకుంది. చూసుకోకుండా అడుగేశాడని పోలీసులు రాసుకున్నారు.

"నెట్టారు," అన్నాడు డైరెక్టరు.

పరుపుల దుకాణం వెనక గోదాములో కూర్చున్నారు ఇద్దరూ. నాలుగు గోడలకీ పరుపులు ఆనించి ఉండటం వల్ల లోపలి మాట బయటికి పోదు. ఆమె స్టూలు మీద, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుంది. నలభై మూడేళ్ళు. చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు. గ్రంథాలయాల తనిఖీకి ఊళ్ళు తిరిగే ఉద్యోగమని పద్దెనిమిదేళ్ళుగా భర్త నమ్ముతున్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంటులో ఆమె కోడ్ పేరు దారం.

"ఆనకట్ట గేట్ల కంట్రోల్ హాలు," డైరెక్టరు మొదలుపెట్టాడు. "పద్నాలుగు గేట్లు. అన్నీ కంప్యూటర్ కమాండ్లతో కదులుతాయి. బొమ్మలుండవు, బటన్లుండవు. నల్ల తెర, దాని మీద అక్షరాలు. అన్ని కమాండ్లు ఎవరికి గుర్తుంటాయి? అందుకని ఆ పోయిన ప్రోగ్రామరు ఒక చిన్న టూల్ రాశాడు. దాన్ని హాల్లో అందరూ చీటీ అంటారు. చీటీ, గేటు, అని కొడితే గేట్లకు సంబంధించిన ఉదాహరణల షీటు తెర మీద పడుతుంది. కమాండ్ పేరు ఆకుపచ్చగా, అంకెలు పసుపుగా, ప్రమాదమైన మాట ఎర్రగా."

"పరీక్షలో స్లిప్పు పెట్టుకున్నట్టు."

"అక్కడ స్లిప్పు చూస్తే తప్పు. ఇక్కడ చూడకపోతే తప్పు. రెండేళ్ళ కిందట ఎవరో చేత్తో టైపు చేస్తూ ఒక సున్నా ఎక్కువ కొట్టారు. అప్పట్నుంచి రూలు. చీటీలో లైను కాపీ చెయ్యాలి, పేస్టు చెయ్యాలి. వేళ్ళతో కొట్టకూడదు."

ఆయన బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. మొదటిది సరిహద్దు అవతలి ముఠా వైర్‌లెస్‌లో పట్టుబడిన ఒక్క వాక్యం. *శుక్రవారం నాలుగింటికి, వాళ్ళ చేత్తోనే.*

"శుక్రవారం నాలుగింటికి వారం వారం జరిగే టెస్టు ఉంది. మూడో గేటు ఒక్క అంగుళం ఎత్తి దించుతారు. దిగువన ఏమున్నాయో తెలుసుగా?"

తెలుసు. నది ఒడ్డు పొడుగునా ఇళ్ళే.

రెండోది ప్రోగ్రామరు చనిపోయే ముందు డిపార్ట్‌మెంటుకు పంపిన మెసేజు. *షీట్లు శుభ్రంగా ఉన్నాయి. రంగు.* అంతే. అక్కడ ఆగిపోయింది.

"టెస్టు ఆపించండి సార్."

"ఆపితే ఇంకో రోజు పెట్టుకుంటారు. ఆ రోజు ఏదో మనకి తెలీదు. ఈ రోజు తెలుసు." డైరెక్టరు గొంతు తగ్గించాడు. "టూల్లో మూడుసార్లు ఎవరో చెయ్యి పెట్టారు. మూడుసార్లూ ఒకే లాగిన్. శుక్రవారం టెస్టు సీట్లో కూర్చునే ఆపరేటరుది." ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ చెల్లెలిది."

ఆమెకు ఒళ్ళో బ్యాగు ఒక్కసారి బరువెక్కినట్టయింది.

"కాదు సార్."

"అయితే?"

"కాదన్నాను కదండీ."

"కాదనే రుజువు తీసుకురా. శుక్రవారం సాయంత్రంలోపు తేకపోతే, నీళ్ళు వదిలినా వదలకపోయినా, ఆ అమ్మాయి జీవితంలో మళ్ళీ వీధి చూడదు. అందుకే నిన్ను పంపుతున్నాను. వేరే వాళ్ళని పంపితే ఇంత కష్టపడరు."

ఆయన ఒక చేతిగడియారం ఇచ్చాడు. పక్క మీట మూడుసార్లు నొక్కితే మనుషులు పది నిమిషాల్లో వస్తారు. లోపల డిపార్ట్‌మెంటు మనిషి ఒకరున్నారు, వాళ్ళే పలకరిస్తారు. గొడుగు ఎక్కడ కొన్నారని అడుగుతారు. కొనలేదు, ఎవరో మరిచిపోతే తెచ్చుకున్నానని చెప్పాలి.

"పది నిమిషాలు ఎక్కువ కాదా సార్?"

"ట్రాఫిక్ ఉంటుందమ్మా," అన్నాడు డైరెక్టరు.

*

"ఇదిగో అక్కా, ముందే చెప్తున్నా. ఆఫీసులో నువ్వు నాకు అక్కవి కావు. డాక్యుమెంటేషన్ మేడమ్‌వి. అందరి ముందు తిన్నావా, తల దువ్వుకున్నావా అని మొదలుపెట్టావంటే నేను మాట్లాడను."

మంగళవారం పొద్దున చెల్లెలు స్కూటరు తోలుతూ వెనక్కి తిరిగి మరీ చెప్పింది. చీటీలో మాటలు సరిదిద్దడానికి అక్కకి వారం రోజుల కాంట్రాక్టు వచ్చిందని, తన ఇంట్లోనే ఉంటుందని సంబరపడింది. రెండు గదుల ఇంట్లో మంచం అక్కకిచ్చి తను చాప వేసుకుంది.

"ముందు చూసి తోలవే!"

"చూస్తూనే ఉన్నా."

చూడటం లేదు. ఎర్ర దీపం దగ్గర ఆలస్యంగా బ్రేకు వేసింది. చెల్లెలి మనసు మనసులో లేదని అక్కకి అర్థమైంది. ఎందుకు లేదని అడగబోయి మానుకుంది. చిన్నప్పుడు జడలు వేసిన తల అది. ఆ తల వెనక కూర్చుని ఇప్పుడు అది దొంగదా కాదా అని ఆరా తీస్తోంది.

కంట్రోల్ హాలు పొడుగ్గా, చల్లగా, కిటికీలు లేకుండా ఉంది. పదకొండు నల్ల తెరలు. గోడకి పెద్ద ఎర్రక్షరాల బోర్డు, *టైపు చెయ్యవద్దు*. హాలు పక్కనే అద్దం గోడతో డాక్యుమెంటేషన్ గది. అద్దం దళసరి, ఇవతల అరిచినా అవతల వినపడదు. ఆమె బల్ల అక్కడ.

మధ్యాహ్నం గదిలోకి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. నీలం కోటు, పొడుగాటి మెడ, గోళ్ళకి అదే నీలం. టూల్ వాడకం నేర్పడానికి కాంట్రాక్టు కంపెనీ పంపిన ట్రైనరు. హాల్లో ఆమెను చాటుగా నెమలి అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు.

"గొడుగు బావుందండీ. ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. ఎవరో మరిచిపోతే తెచ్చుకున్నా."

నెమలి తలుపు మూసి పక్క కుర్చీలో కూర్చుంది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద తిప్పి పెట్టింది. చెల్లెలి లాగిన్, మూడు తేదీలు, మూడు సమయాలు.

"నాకూ నమ్మబుద్ధి కాలేదు," అంది మెల్లగా, ఆమె చేతి మీద చెయ్యి వేసి. "మంచి పిల్ల. కానీ చూడండి మరి. మీరు దగ్గరి మనిషి, మిమ్మల్ని పంపకుండా ఉండాల్సింది."

"ఏం మార్చిందో కనిపెట్టారా?"

"షీట్లన్నీ అచ్చేసి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. అన్నీ శుభ్రం."

"షీట్లు కాకుండా ఇంకేం ఉంటాయి ఈ టూల్లో?"

నెమలి నవ్వింది. "ఏముంటాయి, నాలుగు హెల్పర్ ఫంక్షన్లు. షీటు ఎక్కడుందో వెతికేది ఒకటి. రంగులేసేది ఒకటి. అవునా కాదా అని అడిగేది ఒకటి. పని చెడితే ఒక్క ముక్క చెప్పి చచ్చిపోయేది ఒకటి. అంట్లు తోమే మనుషుల్లాంటివి. వాటి జోలికి ఎవరు పోతారు?"

నెమలి వెళ్ళాక కూడా వాసన గదిలోనే ఉంది. దారం ఆ మాటే ఆలోచిస్తూ కూర్చుంది. అంట్లు తోమే మనిషి చేతిమీదుగా వెళ్ళని గిన్నె ఇంట్లో ఒక్కటీ ఉండదు. అది ఇల్లు నడిపే ఆడవాళ్ళకి తెలిసినంతగా డిపార్ట్‌మెంట్లకి తెలియదు.

కానీ హెల్పర్ల ఫైలు తెరిచే హక్కు డాక్యుమెంటేషన్ గుమాస్తాకి లేదు. ఆమెకున్న హక్కులు రెండే. షీట్లలో మాటలు దిద్దటం, తెరల మీద అక్షరం సైజూ రంగులూ చూసుకోవటం.

*

బుధవారం హాల్లో శిక్షణ జరిగింది. కొత్తగా చేరిన ఇద్దరు ఆపరేటర్ల వెనక నిలబడి నెమలి పాఠం చెప్పింది. "చేత్తో కొట్టొద్దు. మన వేళ్ళకి బుద్ధి ఉండదు. లైను మీద మౌసు లాగండి, కాపీ, పేస్టు. నిద్రలో లేపినా ఇలాగే చెయ్యాలి." తర్వాత తనే కుర్చీలో కూర్చుని ఒక కమాండ్ చేసి చూపించింది. నీలం గోళ్ళు కీబోర్డు మీద టకటకలాడాయి.

చివరి వరుసలో నిలబడి చూస్తున్న దారానికి కంట్లో ఏదో నలుసు పడ్డట్టయింది. ఏమిటో తెలియలేదు.

ఆ సాయంత్రం చెల్లెలు స్నానాల గదిలోకి ఫోను పట్టుకెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో మాటలు వినపడవనుకుంది. అక్క బట్టలు మడతపెడుతూ తలుపు దగ్గరికి జరిగింది.

"ఎవరికీ తెలియకూడదండీ... మా అక్క కూడా ఇంట్లోనే ఉంది... వద్దు, ఆఫీసుకి ఫోన్ చెయ్యొద్దు... శుక్రవారం అయిపోనివ్వండి. శుక్రవారం గడిస్తే నేనే వస్తాను."

చేతిలో దుప్పటి జారింది. ఆమె ఎంతమందిని చూసింది, ఎన్ని ఊళ్ళు తిరిగింది, హంతకుల ఎదుట కూర్చుని వాళ్ళ పిల్లల ఫోటోలు చూసి మెచ్చుకుంది. ఎప్పుడూ చేతిలోది ఇలా జారలేదు. గోడ పట్టుకుని మంచం దాకా వచ్చింది.

చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది?" అంది.

"ఏం లేదు. బీపీ."

"మందు వేసుకున్నావా? నాకు చెప్తావు గానీ నువ్వు వేసుకోవు." చెల్లెలు మాత్ర తెచ్చి, నీళ్ళ గ్లాసు అందించింది. గ్లాసు అక్క చేతికి ఒక అంగుళం పక్కకి వచ్చింది. ఇద్దరూ తడుముకున్నారు.

గురువారం డైరెక్టరు ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు. "రుజువు?" ఆమె దగ్గర లేదు. స్నానాల గది సంగతి ఆమె చెప్పలేదు. ఉద్యోగంలో ఆమె దాచిన మొదటి సంగతి అదే.

*

శుక్రవారం మూడుంబావుకి, చెల్లెలు హాల్లోకి వెళ్ళే ముందు మొహం కడుక్కోవడానికి వచ్చినప్పుడు, దారం వాష్‌రూమ్ తలుపుకి గొళ్ళెం పెట్టింది.

"బుధవారం ఎవరితో మాట్లాడావే?"

"ఎప్పుడు?"

"కుళాయి తిప్పుకుని."

చెల్లెలి మొహంలో రంగు మారింది. "నువ్వు నా ఫోన్లు వింటున్నావా? సిగ్గులేదూ?"

"లేదు. చెప్పు."

"పోవే, నీకెందుకు."

"చెప్పకపోతే ఇవాళ నిన్ను ఆ సీట్లో కూర్చోనివ్వను. ఇక్కడే జుట్టు పట్టుకుని కూలేస్తా. చిన్నప్పుడు చేశానా లేదా?"

చెల్లెలు నవ్వబోయి ఏడ్చేసింది. "కళ్ళక్కా. కళ్ళు సరిగ్గా కనపడట్లేదు. శుక్లాలట. ఈ వయసులోనా అంటే వస్తాయంటున్నాడు డాక్టరు. ఆపరేషన్ చేస్తే సరిపోతుందట గానీ, ముందు ఆఫీసుకి రాసివ్వాలంటాడు. రాసిస్తే సీటు తీసేస్తారు. ఇవాళ్టి టెస్టు అయ్యాక సెలవు పెట్టి వస్తానన్నాను."

 దారం గుండెల మీంచి ఏదో బండ దిగింది, దిగిన చోటే మరొకటి ఎక్కింది.

"నీ లాగిన్‌తో టూల్లో ఎవరు చెయ్యి పెట్టారు?"

"నీకెలా తెలుసు?" చెల్లెలు ముక్కు తుడుచుకుంది. "అక్షరాలు కనపడటం లేదని ట్రైనర్ మేడమ్‌ని అడిగాను. నా ఒక్క తెర మీద పెద్దవి చెయ్యమని. ఎవరికీ చెప్పనంది, పాస్‌వర్డ్ అడిగింది. ఇచ్చాను. పాపం మూడుసార్లు కూర్చుని చేసిపెట్టింది. ఇది చెప్తే నా ఉద్యోగం పోతుందక్కా. ఎవరికీ చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

బయట గంట మోగింది. చెల్లెలు గొళ్ళెం తీసుకుని పరిగెత్తింది. మూడున్నరకి హాలు తలుపులు మూసేస్తారు. టెస్టు అయ్యేదాకా ఎవరూ లోపలికి పోకూడదు, ఫోన్లు కూడా కట్టేస్తారు.

దారం డాక్యుమెంటేషన్ గదికి చేరేసరికి తలుపులు మూతపడ్డాయి. అద్దంలోంచి చెల్లెలి వీపు కనిపిస్తోంది, జారిన క్లిప్పుతో సహా.

అప్పుడు ఆ నలుసు బయటపడింది. బుధవారం నెమలి టైపు చేసింది. అందరికీ కాపీ పేస్టు నేర్పే మనిషి, తన వంతు వచ్చేసరికి ప్రతి అక్షరం వేళ్ళతో కొట్టింది. తన చీటీలోంచి తను కాపీ చెయ్యదు.

ఎందుకు చెయ్యదు?

ఆమె చీటీ గేటు అని కొట్టింది. సమయం మూడూ నలభై నాలుగు. ఉదాహరణలు వచ్చాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. టెస్టు లైను మీద మౌసు లాగింది. లైను ఎక్కడ ముగిసిందో మౌసు లాగిన మెరుపు పట్టీ అక్కడే ఆగింది. ఏమీ లేదు.

షీట్లు శుభ్రం. రంగు. రంగు ఏమిటి?

రెండు నిమిషాల తర్వాత మళ్ళీ కొట్టింది. అదే లైను. అవే రంగులు. మౌసు లాగింది.

ఈసారి పట్టీ లైను చివర ఆగలేదు. అక్షరాలు అయిపోయాక కూడా ఖాళీ నలుపు మీద జానెడు దూరం పాకింది.

ఏమీ లేని చోట ఏదో ఉంది.

 ఆ లైను కాపీ చేసి, కంప్యూటర్లో ఉత్తరాలు రాసుకునే పేజీ తెరిచి అందులో పేస్టు చేసింది. మూడో గేటు, ఒక అంగుళం. దాని పక్కనే, ఇంతసేపూ కనపడని ముక్క. అన్ని గేట్లు, పూర్తిగా. ఆ ముక్క చివర ఎంటర్ మీట కూడా కలిపి ఉంది, కర్సరు దానంతటదే కింది లైనుకి దూకింది.

రంగులేసే హెల్పరు నల్ల తెర మీద నల్లటి అక్షరాలు వేస్తోంది. షీటు అచ్చేస్తే ఉండవు, రంగులేసేది తెర మీదే కదా. శుక్రవారం మూడూ నలభై ఐదు దాటేదాకా పుట్టవు. చెల్లెలు కంటికి కనిపించిన ఒక్క అంగుళమే కాపీ చేశాననుకుంటుంది. పేస్టు చేసిన మరుక్షణం, ఆమె ఎంటర్ నొక్కేలోపే పద్నాలుగు గేట్లూ లేస్తాయి. లాగిన్ ఆమెది. చెయ్యి ఆమెది.

దారం గడియారం మీట మూడుసార్లు నొక్కింది. మూడూ యాభై రెండు. పది నిమిషాలు. అంటే నాలుగూ రెండు.

అద్దం మీద గుద్దింది. చెప్పు తీసి గుద్దింది. అవతల ఒక్క తలా తిరగలేదు. తలుపు తన్నింది, ఇనప తలుపు.  రంగులేసే హెల్పరుని ఆమె ముట్టుకోలేదు. మరి ఆమె చెయ్యగలిగిందేమిటి? షీటులో మాటలు. అక్షరం సైజు. తెర రంగు.

తెర రంగు!

నల్ల తెర మీద నల్లక్షరం కనపడదు. తెర తెల్లదైతే?

కుర్చీలో కూలబడి కొట్టింది. రెండుసార్లు తప్పు కొట్టింది, టూల్ ఒక్క ముక్క తిట్టి చచ్చిపోయింది. మూడోసారి సరిగ్గా పడింది. తెర మీద ప్రశ్న వచ్చింది. *హాలులోని అన్ని తెరల వెనక రంగూ తెలుపవుతుంది. చెయ్యమంటారా?*

వై మీట నొక్కితే అవును. ఇంకే మీట తగిలినా కాదనే లెక్క.

వెనక సెంటు వాసన వచ్చింది.

"చేతులు పైకి తియ్యి," అంది నెమలి.

గొంతులో తొందర లేదు. తలుపు తనే మూసి, దానికి ఆనుకుని నిలబడింది. నీలం కోటు చేతిలోంచి చిన్న పిస్తోలు చూస్తోంది. తెర ఆమెకు పక్కవాటుగా ఉంది, అక్కణ్ణించి వెలుగే గానీ అక్షరాలు కనపడవు.

"అద్దం బాదుతుంటే వరండాలోంచి చూశాను. ఏం కనిపెట్టావేంటి?"

"ఏం లేదు." దారం చేతులు పైకెత్తింది. "దాన్ని ఎందుకు ఎంచుకున్నావు? మా చెల్లిని?"

"నేను ఎక్కడ ఎంచుకున్నాను? తనే వచ్చింది, అక్షరాలు పెద్దవి చెయ్యండి మేడమ్ అంటూ. కాళ్ళదాకా వచ్చినదాన్ని కాదంటానా?" నెమలి గోడ గడియారం చూసింది. మూడూ యాభై ఎనిమిది. "ప్రోగ్రామరే పాపం. తెలివైనవాడు. రంగు సంగతి పట్టేశాడు. నీకు అంత తెలివి అక్కర్లేదు. ఇంకో రెండు నిమిషాలు కుదురుగా కూర్చో."

దారం చేతులు గాలిలో వణుకుతున్నాయి. ఆపుదామన్నా ఆగలేదు. నెమలి నవ్వింది.

"అంత వణుకేంటి? డిపార్ట్‌మెంటు ఇలాంటి వాళ్ళని పంపుతుందా? ఆ తెర మీద ఏంటి, ఏం చేస్తున్నావు?"

నిజం చెబితే చచ్చినట్టే. అబద్ధం నోటికి రావటం లేదు. ఏదో ఒకటి వచ్చింది.

"షీటు... అచ్చు తియ్యమంటావా అని అడుగుతోంది."

నెమలి ఈసారి బాగా నవ్వింది. అచ్చులో ఏమీ ఉండదని ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు?

"తియ్యి తియ్యి. తీసి మీ డైరెక్టరుకి పంపు, పటం కట్టించుకుంటాడు."

దారం కుడిచెయ్యి కిందికి దించింది. వేలు వై మీద ఆగటం లేదు. పక్క మీట మీదికి జారుతోంది, ఇటు నుంచి అటు జారుతోంది. అద్దం అవతల చెల్లెలు తెరకి మొహం ఆనించినంత పని చేసి మౌసు లాగుతోంది. కాపీ అయిపోయింది. చెల్లెలు కమాండ్ పెట్టె మీదికి వెళ్ళింది.

దారం ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, దారం సూదిలోకి ఎక్కించేటప్పుడు బిగపట్టినట్టు ఊపిరి బిగపట్టి, నొక్కింది.

హాలంతా తెల్లగా వెలిగింది.

పదకొండు తెరలు ఒక్కసారి. నెమలి మొహం మీద ఆ వెలుగు పడింది. ఆమె నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కళ్ళు మాత్రం తెరల మీదికి పరిగెత్తాయి. తెల్లటి తెర మీద, ప్రమాదమైన మాటల వరసలో, పిండి ముగ్గు మీద పాకిన గండుచీమల్లా నల్లటి అక్షరాలు. చెల్లెలి తెర మీద అవి అందరి కంటే పెద్దవి.

చెల్లెలి చెయ్యి గాలిలో ఆగింది. ఒక సెకను. రెండు. ఆమె తల ముందుకి వంగింది, ఇంకా వంగింది. తర్వాత కుర్చీ వెనక్కి పడేలా లేచి, నోరు తెరిచి ఏదో అరిచి, గోడ మీది ఎర్ర స్టాప్ బటన్ని రెండు చేతులతో గుద్దింది.

సైరను మోగింది. స్టాప్ నొక్కితే భవనంలో ప్రతి తలుపూ దానంతటదే తాళం పడుతుంది. నెమలి వెనక తలుపు టక్కుమంది. ఆమె గుండ్రం పిడి పట్టి లాగింది, తన్నింది, పిస్తోలు తిప్పి పట్టుకుంది.

దారం అప్పటికే బల్ల కింద ఉంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, చెవులు మూసుకుని, ఒక్కొక్క క్షణం లెక్కపెడుతోంది. నీలం బూట్లు దగ్గరికి వచ్చాయి. ఆగాయి.

"ఇప్పుడు నిన్ను చంపి ఏం చేసుకోను?" పైనుంచి గొంతు వినిపించింది. అలిసిపోయిన గొంతు. "పని చెడింది. అటు వాళ్ళు బతకనివ్వరు. ఇటు వాళ్ళైతే కనీసం తిండి పెడతారు." కుర్చీ కిర్రుమంది. "మంచినీళ్ళున్నాయా?"

బల్ల కిందనుంచే దారం సీసా అందించింది. డిపార్ట్‌మెంటు మనుషులు నాలుగూ తొమ్మిదికి తలుపు కోశారు. ట్రాఫిక్ ఉందన్నారు.

*

నెమలి మూడు గంటల్లో అంతా చెప్పేసింది, ఎవరి పాస్‌వర్డ్ ఎలా తీసుకుందో దానితో సహా. కళ్ళ సంగతి చెల్లెలు ఆ సాయంత్రమే పెద్ద ఇంజనీరు దగ్గరికి తనంతట తనే వెళ్ళి చెప్పింది. సీటు రెండు నెలలకి వేరేవాళ్ళకిచ్చారు, మనిషిని మాత్రం ఉంచారు. ఆపరేషన్ అయిన మర్నాడు ఒక కంటికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"అక్కా, నీకో కవరు వచ్చింది ఆఫీసు నుంచి. ఒంటి కంటితో చదివాను, తిట్టకు."

డిపార్ట్‌మెంటు సంగతి హాల్లో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. కాబట్టి ఆఫీసు తన పని తను చేసింది. టెస్టు జరుగుతుండగా, పై అధికారి అనుమతి లేకుండా, హాలులోని తెరలన్నిటికీ రంగు మార్చినందుకు డాక్యుమెంటేషన్ గుమాస్తా మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలని మెమో. కారణం రాయడానికి కింద ఒకే ఒక్క గీత వదిలారు.

"ఏం రాస్తావిప్పుడు?" అంది చెల్లెలు.

ఆమె కలం తీసుకుంది.  ఒంటి కంటికీ కనపడేటట్టు పెద్ద అక్షరాలతో రాసింది.

*కళ్ళకు హాయిగా ఉంటుందని.*